బయట తాళం, లోపల బిడ్డ

హైదరాబాద్‌లో అంగన్‌వాడీల మీద, శిశు సంరక్షణ కేంద్రాల మీద నిర్ణయాలు తీసుకునే పెద్దలకు,

నమస్కారం. జూబ్లీహిల్స్ గుట్టల వెనక ఉన్న ఒక బస్తీలో ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేశాను. పోయినేడాది రిటైరయ్యాను. ఈ ఉత్తరం ఎప్పుడో రాయాల్సింది. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని నన్ను నేను చాలాసార్లు అడుగుకున్నాను.

కొన్నేళ్ల కిందట మార్చి 8న మా బస్తీ కమ్యూనిటీ హాల్లో మహిళా దినోత్సవం జరిపారు. కష్టపడి పిల్లల్ని పెంచుకుంటున్న ఐదుగురు తల్లులకు సన్మానం అన్నారు. పేర్లు చెప్పమంటే నేను ఒకామె పేరు ఇచ్చాను. కడుపుతో ఉండగానే భర్త పోయాడు. ఇద్దరు పిల్లలు. ఆరిళ్లలో గిన్నెలు తోమి, బట్టలుతికి, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతుకుతున్న మనిషి. వితంతు పింఛను 2,016 రూపాయలు వస్తుంది, అది రేకుల గది అద్దెకే చాలదు. ఆమె కూతురు అప్పుడు నా దగ్గర నాలుగో తరగతి.

మీటింగ్ పదకొండుకన్నారు. మాట్లాడేవాళ్లు వచ్చేసరికి పన్నెండయింది. స్త్రీ భూదేవి లాంటిదనీ, ఓర్పుకు మారుపేరనీ ఒకరి తర్వాత ఒకరు చెబుతున్నారు. ఆమె రెండో వరుసలో కూర్చుని గోడ గడియారం వంకే చూస్తోంది. తీరా పేరు పిలిచేసరికి కుర్చీ ఖాళీ. శాలువా, షీల్డు నా చేతికిచ్చి, "మీరే అందజేయండి టీచర్‌గారూ" అన్నారు.

అటునుంచి అటే వాళ్లింటికి వెళ్లాను. తలుపుకు బయట తాళం వేసి ఉంది. పక్కింట్లో ఇచ్చి పోదామని తిరుగుతుంటే లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, కాసేపు ఆగి, మళ్లీ మొదలయ్యే ఏడుపు. తలుపు సందులోంచి చూశాను. ఇంకా ఏడాది నిండని పిల్లాడు. కాలికి పాత చీర పేలిక కట్టి, రెండో కొస మంచం కోడుకు ముడేసి ఉంది. చేతికందేంత దూరంలో పెట్టిన స్టీలు గిన్నె బోర్లా పడి, మరమరాలు నేలంతా ఉన్నాయి. కొన్ని వాడి బుగ్గకు అంటుకుని ఉన్నాయి.

ఇంకో ఇంటి పని ముగించుకుని ఆమె పరుగున వచ్చేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. "పసివాణ్ని ఇలా కట్టేసి పోతారా? నువ్వు తల్లివేనా?" అనేశాను. ఆమె జవాబు చెప్పకుండా తాళం తీసి, ముడి విప్పి, వాడికి పాలిస్తూ కూర్చుంది. వాడు ఏడుపు ఆపాక, గొంతు పెంచకుండా అంది: "వదిలేస్తే స్టవ్ కాడికి పాకుతడు టీచరమ్మా. మొన్న నీళ్ల డ్రమ్ముల పడబోయిండు. ఇయ్యాల పెద్దదానికి పరీక్ష ఉండె, లేకుంటే అదే చూసుకుంటది. కట్టేస్తే ఏడుస్తడు. ఏడిస్తే బతికుంటడు గదా."

శాలువా అక్కడ మంచం మీద పెట్టి వచ్చేశాను. ఆమెను అన్న ఆ మాట మాత్రం ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

'అదే చూసుకుంటది' అన్న ఆ పెద్దదాని సంగతి చెప్తాను. తొమ్మిదేళ్ల పిల్ల. వారంలో రెండు మూడు రోజులు తమ్ముణ్ని చంకనేసుకునే బడికి వచ్చేది. హాజరు పిలిస్తే వాడు ఉలిక్కిపడకుండా మెల్లగా "ఎస్ టీచర్" అనేది. ఎడమ మోకాలు ఆడిస్తూ వాణ్ని జోకొడుతూ, కుడిచేత్తో తీసివేతలు చేసేది. నోట్‌బుక్కులో అక్కడక్కడా వాడి చొంగ పడి అంకెలు చెరిగిపోయేవి. వాడు ఏడుపు అందుకుంటే నేను చెప్పకముందే లేచి బయట బాదం చెట్టు కిందికి వెళ్లిపోయేది. భాగహారం మొదలుపెట్టిన వారం ఆ పిల్ల క్లాసులో కంటే చెట్టు కిందే ఎక్కువ ఉంది. భాగహారం ఆమెకు తర్వాత కూడా సరిగా రాలేదు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరూ బడిలో ఉండాలంది. మా రికార్డుల ప్రకారం ఆ పిల్ల బడిలోనే ఉంది. బడి మానేసిన పిల్లల లెక్కలోకి రాదు, 'సక్రమంగా రాదు' అని మాత్రం రాసుకుంటాం. సక్రమంగా ఎందుకు రాదో రాయడానికి రిజిస్టర్లో గడి లేదు. ఆడపిల్లల చదువు ఎక్కడ తెగిపోతుందో వెతకడానికి పెద్ద పెద్ద సర్వేలు అక్కర్లేదండీ. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లాడు ఉన్నాడా, వాడిని పగలు ఎవరు ఎత్తుకుంటున్నారు అని అడిగితే సగం సంగతి తెలుస్తుంది.

మీరు చేసిన మంచిని కాదనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 1975 అక్టోబర్ 2న దేశంలో మొదలైన అంగన్‌వాడీల వల్ల ఎంతమంది పిల్లల కడుపు నిండిందో నా కళ్లతో చూశాను. 2015 జనవరి 1న మన రాష్ట్రంలో ఆరోగ్య లక్ష్మి వచ్చాక గర్భిణులు, బాలింతలు కేంద్రానికి వచ్చి అన్నం, పప్పు, గుడ్డు, పాలు తీసుకోవడం మా బస్తీలో పండగలాగే ఉండేది. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైనప్పుడు, నేను చెప్పిన ఈ తల్లి జీరో టికెట్‌ను మడిచి పర్సులో దాచుకుంది. నెలకు మిగిలే ఆ బస్సు డబ్బులు ఆమెకు చిన్న సంగతి కాదు.

అయితే ఒక్క సంగతి మిగిలిపోయింది. తల్లి బస్సెక్కింది. బిడ్డ ఎక్కడుండాలి?

అంగన్‌వాడీలో కూర్చోబెట్టుకునేది మూడేళ్లు దాటిన పిల్లల్ని. అంతకంటే చిన్నవాళ్లకు బాలామృతం పిండి ప్యాకెట్, గుడ్లు ఇచ్చి ఇంటికి పంపుతారు. కేంద్రం తొమ్మిదికి తెరిచి నాలుగుకు మూసేస్తారు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల పొద్దు వేరు. ఆరున్నరకల్లా మొదటి ఇంట్లో ఉండాలి, ఎందుకంటే ఆ ఇంటి పిల్లలకు ఏడున్నరకు స్కూల్ బస్సు. మధ్యాహ్నం రెండింటికి వచ్చి ఇంత ముద్ద తిని, నాలుగింటికి మళ్లీ వెళ్తారు. అంటే అంగన్‌వాడీ తెరవకముందే తల్లి వెళ్లిపోయింది, మూసే టైముకు రెండోసారి పనికి బయల్దేరింది. ఇక ఆరోగ్య లక్ష్మి భోజనం అక్కడే కూర్చుని తినాలన్నది నియమం. పనికెళ్లే బాలింత పన్నెండింటికి ఎక్కడో నాలుగో అంతస్తులో బట్టలు ఆరేస్తూ ఉంటుంది. ఆ అన్నం ఎవరికోసం పెట్టారో వాళ్లలో ఎక్కువ కష్టం చేసే మనిషికే అందడం లేదు. పొద్దున్నే టిఫిన్ క్యారియర్‌లో పెట్టి ఇవ్వమంటే ఏం పోతుంది?

2019-20లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్ల లోపు పిల్లల్లో 33 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఈ అంకెలు వచ్చినప్పుడల్లా తిండి గురించే మాట్లాడతాం. తిండి ఉంది కొన్ని ఇళ్లల్లో. తినిపించే చెయ్యి లేదు. ఏడాది పిల్లాడికి రోజుకు మూడు నాలుగు సార్లు, కొద్దికొద్దిగా, మెత్తగా చేసి, బతిమాలి పెట్టాలి. తొమ్మిదేళ్ల అక్కకు అది చేతకాదు. బాలామృతం కలిపి రెండు ముద్దలు పెడుతుంది, వాడు ఉమ్మేస్తాడు. కిరాణా కొట్లో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొని చేతికిస్తుంది. ఏడుపు ఆగుతుంది. ఆ పిల్లను మాత్రం ఏమనగలం?

ఒక సంగతి చదివాను, చెప్పాలనిపిస్తోంది. అమెరికాలోని హవాయి దీవుల్లో కవాయి అనే దీవి ఉంది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్టు, ఆమెతో పనిచేసినవాళ్లు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు, ఇలా నాలుగైదు కష్టాలు ఒకేసారి మీద పడ్డ పిల్లల్లో కూడా సుమారు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లకు ఏం తోడ్పడిందని చూస్తే, తమను నమ్మకంగా పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒకరు వాళ్ల జీవితంలో ఉన్నారు. అమ్మ కావచ్చు, నానమ్మ కావచ్చు, పక్కింటావిడ కావచ్చు, టీచర్ కావచ్చు. చదివినప్పుడు నాకు మా బస్తీ అంగన్‌వాడీ ఆయా గుర్తొచ్చింది. నాలుగింటికి కేంద్రానికి తాళం వేశాక కూడా ఆమె ఇంటికి వెళ్లేది కాదు. తల్లులు ఇంకా రాని ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. ఒకడికి జుట్టు దువ్వుతూ, ఇంకొకడికి కాకిని చూపిస్తూ. ఆ టైముకు ఆమెకు ఎవరూ జీతం ఇవ్వరు. అడిగితే, "ఏం జేయమంటరు మేడం, రోడ్డు మీద వదిలేసి పోతనా?" అనేది.

కష్టాలకు తట్టుకునే శక్తి మా బస్తీ తల్లుల రక్తంలోనే ఉందన్నట్టు మాట్లాడుతుంటారు. నాకు ఆ పొగడ్త వింటే భయమేస్తుంది. వాళ్లెలాగూ తట్టుకుంటారులే అన్న ధీమా అందులో ఉంది. వాళ్లు నిలబడుతున్నారంటే పక్కన ఎవరో ఒకరు ఒక చెయ్యి వేస్తున్నారు కాబట్టి. పక్కింటి ముసలమ్మ, పనిచేసే ఇంట్లో మనసున్న ఒకావిడ, మెట్ల మీద కూర్చున్న ఆయా. ముసలమ్మకు జ్వరమొస్తే ఆ రోజు తలుపుకు తాళం పడుతుంది. అదృష్టం మీద నడిచే ఈ ఏర్పాటును మీ ఏర్పాటుగా మార్చమని అడుగుతున్నాను.

ఇది మన ఊరికి కొత్త సంగతేం కాదు. నిలోఫర్ ఆసుపత్రి సంగతే చూడండి. నిజాం రెండో కోడలు నిలోఫర్ దగ్గర పనిచేసిన రఫత్ అనే ఆమె కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖం లోంచి తల్లీబిడ్డల కోసం ఒక ఆసుపత్రి పుట్టి 1953లో మొదలైంది. ఇంట్లో పనిచేసే మనిషి చావు ఒక యువరాణిని కదిలించింది, ఈనాటికీ రాష్ట్రం నలుమూలల నుంచి తల్లులు బిడ్డల్ని భుజాన వేసుకుని ఆ గేటు దగ్గరికే వస్తున్నారు. అదే 1953లో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. పనికెళ్లే తల్లుల పిల్లల కోసం దేశంలో క్రెష్‌లు, అంటే పగటిపూట పసిపిల్లల్ని చూసుకునే కేంద్రాలు, నడిపించిన బోర్డు అది.

దారి కూడా కొత్తగా వెయ్యక్కర్లేదు. 2022లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి కింద 'పాల్నా' అనే పథకం ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని చూసుకునే అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లు పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలాంటి వాటికి ఖర్చులో 60 శాతం కేంద్రం ఇస్తుంది, 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు నడపాలన్నది అందులోని లెక్క. పక్కనే కర్ణాటక ప్రభుత్వం ఉపాధి హామీ పనికెళ్లే తల్లుల కోసం గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' పేరుతో శిశు కేంద్రాలు పెడతామని 2023 బడ్జెట్లో ప్రకటించింది. కూసు అంటే కన్నడంలో పసిబిడ్డ. పల్లెల్లో అవసరమనుకున్నది, అమ్మమ్మలూ పిన్నమ్మలూ దగ్గర లేని మహానగరంలో ఇంకెంత అవసరం?

మా బస్తీకి కావలసింది పెద్ద బిల్డింగ్ కాదు. గాలి వచ్చే ఒక పెద్ద గది, ఉయ్యాలలు, వెచ్చని నీళ్లు, పిల్లలు బయటికి జారుకోకుండా ఒక తలుపు, పిల్లల్ని ఎత్తుకోవడానికి విసుగు లేని మనుషులు. ఉదయం ఆరున్నర నుంచి రాత్రి ఏడు దాకా తెరిచి ఉండాలి. చాలా బస్తీల్లో ప్రభుత్వ బడి ఉంది, అందులో వాడకుండా పడి ఉన్న గది కూడా ఉంటుంది. అక్కడే పెడితే అక్క క్లాసులో కూర్చుంటుంది, తమ్ముడు పక్క గదిలో ఉంటాడు, ఇంటర్వెల్లో ఒకసారి చూసి వస్తుంది. నేను పనిచేసిన బడిలో ఇది జరిగి ఉంటే ఆ పిల్ల భాగహారం నేర్చుకునేది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ పన్నెండున్నర గంటల భారాన్ని ఇప్పుడున్న అంగన్‌వాడీ టీచర్ల నెత్తిన పడేయకండి. 2021లో పెంచాక టీచరుకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800 రూపాయలు ఇస్తున్నారు. దానికే వాళ్లు పిల్లల్ని చూడాలి, బరువులు తూయాలి, ఫోన్లో వివరాలు ఎక్కించాలి, సర్వేలు చేయాలి. ఇంకో బ్యాచ్ మనుషుల్ని తీసుకోండి. బస్తీలోనే పిల్లల్ని పెంచి పెద్ద చేసిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. నాలుగు నెలలు శిక్షణ ఇచ్చి, బతకగలిగేంత జీతం ఇస్తే ఎంతో బాగా చూసుకుంటారు.

బిల్డింగ్ పనుల దగ్గర పిల్లల సంగతి ఇంకా ఘోరం. కోకాపేట, నార్సింగి వైపు వెళ్తే కనిపిస్తుంది. రెండు ఇనుప రాడ్ల మధ్య చీర ఉయ్యాల, పైన నలభయ్యో అంతస్తుకు స్లాబ్. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన తల్లులు కింద ఇసుక జల్లిస్తుంటారు. యాభై మందికి మించి ఆడ కూలీలు ఉంటే క్రెష్ పెట్టాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 2025 దాకా చెబుతూ వచ్చింది. ఒక్కో మేస్త్రీ కింద ఇంతమంది అని విడివిడిగా చూపిస్తే యాభై ఎక్కడా నిండరు. కాంట్రాక్టర్ల వారీగా కాకుండా సైట్ మొత్తం లెక్కపెట్టండి. నిర్మాణ ఖర్చు మీద ఒక శాతం సెస్సు ఎలాగూ వసూలు అవుతోంది, అది కూలీల సంక్షేమం కోసమే. 1969లో ఢిల్లీలో రాజ్‌ఘాట్ దగ్గర పని జరుగుతున్న చోట మట్టిలో పడి ఉన్న పిల్లల్ని చూసి మీరా మహదేవన్ గారు ఒక గుడారం వేసి వాళ్లను చూసుకోవడం మొదలుపెట్టారు. మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అలా మొదలైంది. గుడారంతో మొదలైన పని అది.

నేను చెప్పిన ఆ అమ్మాయి ఐదో తరగతి ఎలాగో దాటింది. ఆరుకు వెళ్లలేదు. తమ్ముడికి మూడేళ్లు నిండి అంగన్‌వాడీలో కూర్చున్నాక నేను వాళ్లింటికి వెళ్లి, "ఇప్పుడు రావచ్చు కదమ్మా, హైస్కూల్లో నేను మాట్లాడతా" అన్నాను. తల దించుకుని, "చిన్నపిల్లల పక్కన కూసోబుద్ధి కాదు టీచర్" అంది. ఇప్పుడు అమ్మతో పాటు పనికి వెళ్తోంది. ఆ రోజు కట్టేసి ఉన్న పిల్లాడు బడిలో చేరాడు, బాగానే చదువుతున్నాడు. అక్క వాడికి పొద్దున్నే తల దువ్వి, పలక సంచి భుజానికి తగిలించి, గేటు దాకా వచ్చి దింపి పోతుంది. లోపలికి రాదు.

రిటైరయ్యాక నాకు టైముంది. నేను, ఇద్దరు తల్లులు కలిసి మా వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్కులో రాసుకున్నాం. మూడేళ్లు నిండని ప్రతి బిడ్డకూ ఒక వరుస. వయసు, అమ్మ వెళ్లే టైము, వచ్చే టైము, అప్పటిదాకా ఎవరి దగ్గర ఉంటారు. ఆ చివరి గడిలో కొందరికి 'నానమ్మ' అని ఉంది. చాలామందికి 'అక్క' అని ఉంది. కొన్ని వరుసల్లో 'తాళం' అని రాయాల్సి వచ్చింది.

ఆ నోట్‌బుక్ పట్టుకుని మీ ఆఫీసుకు వస్తాను. ఏ రోజు రమ్మంటారో చెప్పండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య అయితే ఆ తల్లులు కూడా రాగలుగుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, హైదరాబాద్